ముందు తేదీ రాయండి: సైన్యం వెళ్ళిపోయాక జరిగే రక్షణ చర్చలను మీ కాలేజీలో నడపడం ఎలా

తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక కూడా ఏడాదికి ఒకసారి వాళ్ళతో ఒక పని చేయిస్తూనే ఉన్నాను. పాతిక మందిని ఐదు దేశాలుగా విడగొట్టి రెండు రోజులు ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతాను. కాలం 1968. మలేసియా, సింగపూర్‌ల నుంచి సైన్యాన్ని తీసుకుపోతానని బ్రిటన్ చెప్పేసింది. మిగిలినవాళ్ళు ఏం చేయాలి? అదే చర్చ. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి నుంచి లెక్చరర్లు ఫోన్ చేసి "మేడం, మేమూ పెట్టుకుంటాం, ఎట్లా చేయాలో చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక చోట రాస్తున్నాను.

ఈ విషయమే ఎందుకు పట్టుకున్నానో ముందు చెప్పాలి. మా మేనమామ సైన్యంలో పనిచేశాడు. 1990 మార్చిలో మన శాంతి దళం శ్రీలంక వదిలి వచ్చేసినప్పుడు ట్రింకోమలీలో ఓడెక్కినవాళ్ళలో ఆయన ఒకడు. పీలేరు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, ఎండాకాలం సెలవుల్లో, పందిట్లో మంచం మీద కూర్చుని ఆ రోజు సంగతి చెప్పేవాడు. రేవుకు పోయే దారిలో టీకొట్టు ముసలాయన ఒకడు లారీ ఆపి "మీరు పోతున్నారు సరే, రేపటి నుంచి ఎవరు?" అని అరవంలో అడిగాడట. "నాకు అరవం వచ్చు గానీ జవాబు రాలేదమ్మా" అనేవాడు మామ. సైన్యం దిగడం గురించి పుస్తకాలు జాస్తి. వెళ్ళిపోయిన మర్నాటి గురించి క్లాసులో ఒక పీరియడ్ కూడా ఉండదు. ఆ ముసలాయన ప్రశ్నకు దేశాలు కూర్చుని జవాబు ఎలా తయారు చేసుకుంటాయో పిల్లలకు చూపించాలని నా తపన.

సందర్భం ఏది తీసుకోవాలి

అఫ్గానిస్తాన్ తీసుకుందామని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. వద్దంటాను. 2021 ఆగస్టులో అమెరికా వెళ్ళిపోయిన తీరు పిల్లలంతా ఫోన్లలో చూశారు. అందరికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, బల్ల దగ్గర టీవీ చర్చ మొదలవుతుంది. పైగా ఆ కథ ఇంకా ముగియలేదు. గల్ఫ్ కూడా మంచి సందర్భమే. అక్కడి నుంచి కూడా బ్రిటన్ అదే ప్రకటనతో, అదే గడువుతో వెళ్ళింది. తొమ్మిది ఎమిరేట్లు కలిసి ఒక దేశం అవుదామని మొదలుపెట్టిన చర్చలు బహ్రెయిన్, ఖతార్ పక్కకు తప్పుకుని చివరికి ఏడింటి దగ్గర ఆగాయి. కానీ అందులో రక్షణ కంటే దేశ నిర్మాణం ఎక్కువ.

మలేసియా, సింగపూర్ సందర్భం మొదటిసారి చేసేవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. ఐదే దేశాలు: బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేసియా, సింగపూర్. మొదలు ఎప్పుడో తెలుసు, ముగింపు ఎప్పుడో తెలుసు. ఫలితంగా వచ్చిన ఐదు దేశాల రక్షణ ఏర్పాటు యాభై ఏళ్ళు దాటినా ఇంకా పనిచేస్తోంది. పుస్తకాలకు దూరం పోనక్కర్లేదు. మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాల కేంద్రం ఉంది. ఇంత దగ్గర్లో పెట్టుకుని మన పిల్లలు దాని గడప తొక్కకుండా డిగ్రీ పూర్తి చేయడం నాకు బాధగా ఉంటుంది. కనీసం ఈ సదస్సు పేరు చెప్పి ఒకసారి తీసుకెళ్ళండి.

పిల్లలకు ఇచ్చే నేపథ్యం ఒక్క పేజీ దాటకూడదు. నేను ఇచ్చేది ఇంతే. 1957లో మలయాకు, అంటే ఇప్పటి మలేసియా ద్వీపకల్పానికి, స్వతంత్రం వచ్చినప్పుడు బ్రిటన్ రక్షణ ఒప్పందం చేసుకుంది. 1963లో మలేసియా ఏర్పడ్డాక అది మలేసియాకూ వర్తించింది. ఇండోనేసియా ఆ కొత్త దేశాన్ని ఒప్పుకోక 1963 నుంచి 1966 దాకా దాడులు చేసింది. ఆ మధ్యలోనే, 1965 ఆగస్టు 9న, సింగపూర్ మలేసియా నుంచి విడిపోయింది. 1967 నవంబరులో బ్రిటన్ తన పౌండు విలువను 2.80 డాలర్ల నుంచి 2.40 డాలర్లకు తగ్గించుకుంది. చేతిలో డబ్బు లేదు. 1968 జనవరి 16న ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటులో లేచి, 1971 చివరికి సూయజ్ కాలువకు తూర్పున ఉన్న సైన్యాన్ని ఖాళీ చేస్తామని ప్రకటించాడు. పేజీ అయిపోయింది. మిగతాది పిల్లలే వెతుక్కోవాలి.

తేదీ, ఆ తర్వాత లెక్క

హాల్లో అడుగుపెట్టగానే అందరికీ కనబడేలా బోర్డు మీద పెద్ద అక్షరాలతో "1971 డిసెంబర్ 31" అని రాయండి. రెండు రోజులూ తుడపకండి. ఇలాంటి చర్చలన్నిటికీ ప్రాణం ఆ తేదీలోనే ఉంది. మన పిల్లలకు దీన్ని నేను గంగమ్మ జాతర చాటింపుతో చెబుతాను. తిరుపతిలో చాటింపు వేశారంటే జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. ఎవరి పనులు వాళ్ళు ఆ రోజుల చుట్టూ సర్దుకోవాల్సిందే. విల్సన్ ప్రకటన అలాంటి చాటింపు. ఒకసారి పడ్డాక ఐదు రాజధానుల్లోనూ ప్రతి నిర్ణయం ఆ తేదీ చుట్టూ తిరిగింది.

అయితే తేదీ కూడా బేరానికి వస్తుందని పిల్లలకు చెప్పడం మరిచిపోకండి. బ్రిటన్ మొదట అనుకున్న గడువు 1971 మార్చి నెలాఖరు. సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ హుటాహుటిన లండన్ వెళ్ళి పట్టుబట్టి తొమ్మిది నెలలు సంపాదించాడు. వెళ్ళేవాణ్ణి ఆపలేకపోయినా తొమ్మిది నెలలు ఆపగలిగితే అది ఓడరేవు కార్మికుడికి తొమ్మిది జీతాలు.

తేదీ రాశాక చేయాల్సింది లెక్క. దీనికి నేను సగం రోజు కేటాయిస్తాను. మీరు కూడా ఇందులో తొందరపడకండి. మొదటి ఏడాది నేను నేరుగా "ఎవరు ఎవరిని కాపాడతారు" అనే ప్రశ్నతో చర్చ మొదలుపెట్టాను. భోజనాల వేళకే మలేసియా జట్టు, ఆస్ట్రేలియా జట్టు ముఖాలు చూసుకోవడం మానేశాయి. ఒకళ్ళేమో కాపాడతామనే మాట కావాలంటారు, మరొకళ్ళు ఇవ్వలేమంటారు. మాట దేని గురించో ఇద్దరికీ తెలియదు. వెళ్ళేవాడు ఏమేం వదిలి పోతున్నాడో లెక్క లేకుండా మాట గురించి మాట్లాడితే ఇలాగే అవుతుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పద్ధతి మార్చాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే పద్ధతి.

గోడ మీద నాలుగు చార్టులు కలిపి అంటించి మూడు గళ్ళు గీయించండి. ఏం పోతోంది, ఇవాళ దాన్ని ఎవరు నడుపుతున్నారు, పోయిన మర్నాడు పొద్దున ఎవరి చేతిలో ఉంటుంది. ఐదు జట్లూ కలిసి నింపాలి. మూడో గడిలో ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలే మీ ఎజెండా. వేరే ఎజెండా రాయనక్కర్లేదు.

పిల్లలు మొదట యుద్ధనౌకలు, విమానాలు రాస్తారు. రాయనివ్వండి. కాసేపయ్యాక మీరు అడగండి: సెంబవాంగ్ నౌకా స్థావరంలో వెల్డింగ్ చేసే అతను ఏమవుతాడు? సింగపూర్ ఆదాయంలో దాదాపు ఐదో వంతు బ్రిటిష్ స్థావరాల మీద ఆధారపడి ఉండేది. రక్షణ చర్చల్లో అన్నిటికంటే ముందు తేలాల్సిన విషయం ఉద్యోగాలని అప్పుడు వాళ్ళకు అర్థమవుతుంది. సింగపూర్ 1968లోనే స్థావరాలను వ్యాపారానికి మార్చడానికి ప్రత్యేక విభాగం పెట్టింది. సెంబవాంగ్ డాక్‌యార్డు నామమాత్రం ఒక్క డాలరుకు చేతికొచ్చింది, ఓడల మరమ్మతు కంపెనీ అయింది. బ్రిటన్ 5 కోట్ల పౌండ్ల సాయం ఇచ్చింది, అందులో ఎక్కువ భాగం అప్పు.

తర్వాత ఆకాశం. రెండు చిన్న దేశాలు పక్కపక్కన ఉన్నాయి. మధ్యలో జొహోర్ జలసంధి, దాని మీద ఒక కిలోమీటరు కట్ట. శత్రు విమానం వస్తే రెండింటికీ ఒకే ఆకాశం. రాడార్లు, సమాచార కేంద్రాలు అప్పటిదాకా నడిపింది బ్రిటన్. సింగపూర్ దగ్గర 1968 సెప్టెంబరు దాకా వాయు రక్షణ దళమంటూ లేదు. మలేసియాకు ఆస్ట్రేలియా 1969లో 10 సేబర్ యుద్ధ విమానాలు ఇచ్చింది. మలేసియా ఉత్తరాన బటర్‌వర్త్ వైమానిక స్థావరంలో ఆస్ట్రేలియా మిరాజ్ యుద్ధ విమానాలు ఉన్నాయి. ఇవన్నీ చార్టు మీద పడ్డాక ఒకసారి పుత్తూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి లేచి, "మేడం, విమానాలు ఐదు చోట్ల ఉన్నాయి, చూసే కన్ను మాత్రం వెళ్ళిపోతోంది" అంది. నేను పది క్లాసులు చెప్పినా రాని మాట అది. ఆ మాటను చార్టు పైన రాయించాను. ఆ సంవత్సరం చర్చంతా దాని చుట్టూనే నడిచింది.

ఎవరిని పిలవాలి, ఎలా కూర్చోబెట్టాలి

పిలుపుల జాబితా రాసేటప్పుడు రానివాళ్ళ గురించి కూడా రాసుకోండి. 2021 నవంబర్ 10న అఫ్గానిస్తాన్ మీద ఢిల్లీలో మన జాతీయ భద్రతా సలహాదారు అజిత్ డోభాల్ అధ్యక్షతన సమావేశం జరిగింది. రష్యా, ఇరాన్, ఐదు మధ్య ఆసియా దేశాలు వచ్చాయి. పిలిచినా పాకిస్తాన్, చైనా రాలేదు. పొరుగువాడు రాకపోతే అతని కుర్చీ ఖాళీగా ఉన్నా అతని సరిహద్దు ఖాళీగా ఉండదు. మన సందర్భంలో ఆ కుర్చీ ఇండోనేసియాది. అప్పుడే గొడవ ఆపి, 1967 ఆగస్టు 8న మలేసియా, సింగపూర్‌లతో కలిసి ఆసియాన్‌లో చేరిన దేశం. ఐదుగురు కలిసి కూర్చుంటే "ఇది నా మీదికేనా" అనుకోకూడదు. అందుకని నేను ఒక తెలివైన విద్యార్థిని ఇండోనేసియా విలేకరిగా గోడ పక్కన కూర్చోబెడతాను. మాట్లాడే హక్కు లేదు. ప్రతి సెషన్ తర్వాత "మా దేశంలో దీన్ని ఎలా చదువుతారు" అని అర పేజీ రాసి బోర్డుకు అంటిస్తాడు. ఆ అర పేజీ భయంతో ప్రకటనల భాష ఎంత నెమ్మదిస్తుందో మీరే చూస్తారు.

బల్ల విషయంలో ఒకటే నియమం: మలేసియా, సింగపూర్ పక్కపక్కన కూర్చోవాలి, ఎదురెదురుగా వద్దు. ఎదురుగా కూర్చోబెడితే మిగతా ముగ్గురూ పెద్దమనుషులై పంచాయితీ తీరుస్తారు. రక్షణ కావాల్సింది ఆ ఇద్దరికి. ఆ ఇద్దరూ ఒక వైపు నుంచి అడగాలి. అది తేలిక కాదు. విడిపోయి మూడేళ్ళు కూడా కాలేదు. సింగపూర్ తాగే నీళ్ళు మలేసియాలోని జొహోర్ నుంచి గొట్టాల్లో వచ్చేవి, 1961, 1962 ఒప్పందాల కింద. 1969 ఆగస్టు 9 కవాతులో సింగపూర్ కొత్త ట్యాంకులు నడిపించింది. అప్పుడు మలేసియా దగ్గర ట్యాంకులే లేవు.

పోయిన సారి చంద్రగిరి అబ్బాయి మలేసియా మంత్రి. పక్కనే సింగపూర్ మంత్రిగా ఒక చిన్న ఊరి అమ్మాయి. అబ్బాయి అడిగాడు: "మీకు నీళ్ళిచ్చేది మేమే కదా, మరి ట్యాంకులు ఎవరి మీదికి?" అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "అన్నా, మా ఊరికి నీళ్ళు పై ఊరి చెరువు నుంచి వస్తాయి. వాళ్ళంటే మాకు పగ లేదు. కానీ తూము వాళ్ళ చేతిలో ఉన్నంత కాలం మా నాయనకు రాత్రి నిద్ర పట్టదు." హాలంతా నిశ్శబ్దం. ఆ అబ్బాయి వాదన పెంచలేదు. "అయితే రాడార్ తెర ఇద్దరం కలిసి చూద్దాం, ఎవరి విమానం ఎక్కడుందో ఇద్దరికీ తెలుస్తుంది" అన్నాడు. నిజంగా జరిగింది కూడా దాదాపు అదే. పక్కపక్కన కూర్చోబెట్టినందుకే ఆ మాట పుట్టింది.

మంత్రుల కంటే ముందు అధికారులు

ప్రతి దేశానికి ఐదుగురు అనుకుంటే ఇద్దరు మంత్రులు, ముగ్గురు అధికారులు. అధికారుల్లో ఒకరు సైన్యం, ఒకరు ఖజానా, ఒకరు విదేశాంగం. ఖజానా పాత్రను బాగా చదివే పిల్లలకే ఇవ్వండి. ఏ మాటకైనా ఖర్చు ఎంతని అడిగేది వాళ్ళే. సదస్సుకు వారం ముందే అధికారులు మాత్రమే రెండు సార్లు కలవాలి. క్యాంటీన్లో అయినా పర్లేదు, టీ తాగుతూ అయినా పర్లేదు. ఒప్పుకున్న సంగతులు ఒక కాగితం మీద, ఒప్పుకోని సంగతులు ఇంకో కాగితం మీద. రెండో కాగితం మాత్రమే మంత్రుల బల్ల మీదికి రావాలి. అన్నీ మంత్రుల దగ్గరే తేల్చాలనుకుంటే రెండు రోజులు కాదు, రెండు నెలలు చాలవు.

సెషన్లు నిజమైన సమావేశాల ప్రకారమే పెట్టుకోండి. మొదటి రోజు పొద్దున లెక్క. మధ్యాహ్నం కౌలాలంపూర్, 1968 జూన్ 10-11. రెండో రోజు పొద్దున కాన్‌బెర్రా, 1969 జూన్ 19-20. మధ్యాహ్నం లండన్, 1971 ఏప్రిల్ 15-16. ప్రతి సెషన్ మొదట్లో ప్రతి జట్టుకూ ఒక మూసిన కవరు ఇస్తాను. అందులో ఆ మధ్య కాలంలో జరిగిన వార్త ఉంటుంది.

కాన్‌బెర్రా కవర్లో రెండు వార్తలు. 1969 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రధాని జాన్ గోర్టన్ 1971 తర్వాత కూడా తమ దళాలు ఉంటాయని చెప్పాడు. మలేసియా జట్టు చప్పట్లు కొడుతుంది. రెండో కాగితం తీయమనండి: మే 13న కౌలాలంపూర్‌లో జాతుల మధ్య అల్లర్లు, అత్యవసర పరిస్థితి. చప్పట్లు ఆగిపోతాయి. ఇప్పుడు ఆస్ట్రేలియా ఖజానా అధికారి అడుగుతాడు: మా సైనికులు బయటి శత్రువు కోసమా, మీ వీధి గొడవల కోసమా? ఈ ప్రశ్న మర్యాదగా అడగడం నేర్పండి. చివరి ప్రకటనలో "బయటి నుంచి నడిపించిన" అనే మాట ఎందుకుందో పిల్లలకు ఇక్కడ తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు సబా, తూర్పు మలేసియాలోని రాష్ట్రం. ఫిలిప్పీన్స్ అది తమదంటోంది. మాట సబాకు కూడా వర్తిస్తుందా? ఆస్ట్రేలియా జట్టు నసుగుతుంది, మలేసియా జట్టుకు కోపం వస్తుంది. నిజంగా కూడా అంతే జరిగింది. దీన్ని తీర్చడానికి పటం కావాలి. పెద్ద పటం కొనండి, రంగు పెన్సిళ్ళు ఇవ్వండి, గీత గీయమనండి. చరిత్రలో వాయు రక్షణ వ్యవస్థ మలేసియా ద్వీపకల్పం, సింగపూర్‌ల వరకే గీత గీసుకుంది. తూర్పు మలేసియా దాని బయట ఉండిపోయింది. మీ పిల్లలు వేరేలా గీస్తే గీయనివ్వండి, ఎందుకో మాత్రం రాయించండి.

లండన్ కవరు చిన్నది. 1970 జూన్‌లో బ్రిటన్‌లో ప్రభుత్వం మారింది. ఎడ్వర్డ్ హీత్ వచ్చాడు, కొంత సైన్యాన్ని ఉంచుతామంటున్నాడు. పూర్తిగా పోతున్నాడనుకున్నవాడు గుమ్మంలో ఆగాడన్నమాట. ఇక్కడ కొన్ని జట్లు పాత ఒప్పందమే కొనసాగించమని అడుగుతాయి. ఖజానా అధికారిని లేపండి. గుమ్మంలో ఉన్నవాడి మీద ఇల్లు కట్టలేం.

క్రియాపదం దగ్గర రెండు గంటలు

ఉమ్మడి ప్రకటనను ఇంగ్లీషులో వద్దు, తెలుగులోనే రాయించండి. ఇంగ్లీషులో రాస్తే పిల్లలు ఇంటర్నెట్ నుంచి తెచ్చి పెట్టేస్తారు. తెలుగులో ప్రతి క్రియాపదం వాళ్ళ నోటితో తూచి పెట్టాల్సి వస్తుంది.

పలమనేరు అబ్బాయి ఆస్ట్రేలియా మంత్రి. మలేసియా చిత్తుప్రతిలో "దాడి జరిగితే ఐదు దేశాలూ కాపాడతాయి" అని ఉంది. "కాపాడతాయి అంటే మా పార్లమెంటు ఒప్పుకోదు" అన్నాడు. అతను "ఆలోచిస్తాయి" అని రాశాడు. మలేసియా అబ్బాయి పెన్ను కింద పెట్టేశాడు: "ఇల్లు తగలబడుతుంటే ఆలోచిస్తామంటారా?" "సాయపడతాయి" వచ్చింది, పోయింది. "తోడుంటాయి" వచ్చింది, బాగుందన్నారు, కానీ తోడంటే ఎంతమంది అని ఖజానా వాళ్ళు అడిగారు. గంటన్నర గడిచింది. టీలు చల్లారిపోయాయి. అప్పటిదాకా నోరు మెదపని న్యూజిలాండ్ అమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్ళి "సంప్రదించుకుంటాయి" అని రాసింది. అందరూ పెదవి విరిచారు. ఆమె సుద్దముక్క దించకుండా ముందర ఇంకో మాట చేర్చింది: "వెంటనే".

చరిత్రలో ఉన్నది సరిగ్గా అదే. బయటి నుంచి నడిపించిన, లేదా వెనకుండి చేయించిన సాయుధ దాడి మలేసియా మీద గానీ సింగపూర్ మీద గానీ జరిగినా, జరిగే ప్రమాదం ఉన్నా, కలిసి గానీ విడివిడిగా గానీ ఏ చర్య తీసుకోవాలో తేల్చుకోవడానికి ఐదు ప్రభుత్వాలూ వెంటనే సంప్రదించుకుంటాయి. లండన్ ప్రకటన సారాంశం ఇంతే. అది సంధి కూడా కాదు. 1971 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, డిసెంబర్ 1న ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకున్నారు. 1957 ఒప్పందం ముందు రోజుతో, అక్టోబర్ 31తో ముగిసింది. చూడండి, పాతది ముగియడానికీ కొత్తది మొదలవడానికీ మధ్య ఒక్క పూట ఖాళీ లేదు. విల్సన్ చాటింపు నుంచి అక్కడికి మూడేళ్ళ తొమ్మిదిన్నర నెలలు పట్టింది.

ఇంత తేలికైన మాటను నమ్ముకుని ఎలా బతుకుతారని పిల్లలు అడుగుతారు. అడగాలి. జవాబు బటర్‌వర్త్‌లో ఉంది. మాటను తేలిగ్గా ఉంచి, దాని వెనక రోజూ తలుపు తెరిచే ఒక ఆఫీసు పెట్టారు. ఉమ్మడి వాయు రక్షణ వ్యవస్థ కేంద్ర కార్యాలయం అది. అధిపతి ఆస్ట్రేలియా వైమానిక దళం అధికారి. ఇద్దరు పొరుగువాళ్ళలో ఎవరూ మరొకరి కింద ఉన్నట్టు అనిపించదు. దాని పైన ఐదు దేశాల వాయు రక్షణ మండలి. ఇంకో వైపు అన్ని విషయాలూ మాట్లాడుకోవడానికి ఉమ్మడి సంప్రదింపుల మండలి. 1972 చివర్లో ఆస్ట్రేలియాలో ప్రభుత్వం మారి తన పదాతి దళాన్ని వెనక్కి పిలిచింది. 1970లలోనే బ్రిటన్ మిగిలినవాళ్ళనూ తీసుకుపోయింది. న్యూజిలాండ్ దళం 1989 దాకా ఉండి వెళ్ళింది. బరువైన మాట అయి ఉంటే ఒక్కో ప్రభుత్వం మారినప్పుడల్లా విరిగేది. ఇది విరగలేదు, ఆఫీసు మూతపడలేదు, ఐదు దేశాల విన్యాసాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. మీరు ఈ సదస్సులో పిల్లలకు ఒక్కటే అందించగలిగితే దీన్ని అందించండి. చిత్తుప్రతిలో ప్రతి క్రియాపదం పక్కన "ఏ ఆఫీసు, ఏ ఊళ్ళో, తాళం ఎవరి దగ్గర" అని రాయించండి. జవాబు లేని క్రియాపదాన్ని కొట్టేయించండి.

హాలు, భోజనం వగైరా

హాలుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒక ఏడాది ఒక కాలేజీ నోటిమాటగా ఇచ్చిన హాలును ముందు రోజు రాత్రి వేరే ఫంక్షనుకు ఇచ్చేసింది. పాతిక మంది పిల్లలతో పొద్దున్నే వరండాలో నిలబడ్డాను. ఆ టెన్షన్ మీకొద్దు. బల్లలు గుండ్రంగా లేకపోతే నాలుగు చిన్న బల్లలు చతురస్రంగా కలపండి, మధ్యలో ఖాళీ ఉంచండి. మైకు పెట్టకండి. మైకు ఉంటే ఉపన్యాసాలు మొదలవుతాయి.

భోజనం అందరూ కలిసి ఒకే వరసలో తినాలి, జట్ల ప్రకారం కాదు. మేం పులిహోర, పెరుగన్నం కట్టించుకుంటాం, ఖర్చు తక్కువ. భోజనాల దగ్గర చర్చ గురించి మాట్లాడొద్దని చెప్పకండి. బల్ల దగ్గర తెగనివి ఆకుల ముందు తెగిన సందర్భాలు నాలుగైదు చూశాను. పెద్ద అతిథిని పిలిస్తే చివర్లో పావుగంట మాట్లాడించండి, మొదట్లో వద్దు. ముందే జవాబు వినేస్తే పిల్లలు వెతకడం మానేస్తారు.

ప్రకటనలో చివరి వాక్యం మళ్ళీ ఎప్పుడు, ఏ ఊళ్ళో కలుస్తారో చెప్పేదై ఉండాలి. అది లేకుండా సంతకాలు పెట్టనివ్వకండి.  మా పిల్లలు పోయినసారి "తర్వాతి సమావేశం చిత్తూరులో, సంక్రాంతి సెలవులు ముగిసిన రెండో శనివారం" అని రాశారు. చార్టులు, కవర్లు, పటం, ఇండోనేసియా విలేకరి రాసిన అర పేజీలు అన్నీ ఒక రేకు పెట్టెలో సర్ది చిత్తూరు లెక్చరర్ గారికి బస్టాండులో అప్పగించాను. పెట్టెలో పైన ఆ మూడు గళ్ళ చార్టు ఉంది. మూడో గడిలో ఇంకా నాలుగు ఖాళీలు ఉన్నాయి.